అతిథి కంచం

ఎల్ఫ్రీడా బజారుకెళ్తే పైవరసలో నిగనిగలాడే క్యాబేజీని ముట్టుకునేది కాదు, అడుగున నలిగినదాన్నీ ముట్టుకునేది కాదు. నడిమి వరసలోంచి ఒకటి లాక్కునేది. ఆమెను చేసుకుంటామని ముగ్గురు వచ్చారనీ, పొడుగువాణ్నీ పొట్టివాణ్నీ పంపేసి మధ్యవాడు ఎర్విన్‌ను చేసుకుందనీ మా ఫ్యాక్టరీలో చెప్పుకునేవాళ్లు. ఎర్విన్ ఆ మాట వింటే మీసాల్లో నవ్వుకునేవాడే గాని కాదనేవాడు కాదు. వెనకాల అందరూ ఆమెను నడిమమ్మ అనేవాళ్లు. ముఖాన అనే ధైర్యం నాకొక్కదానికే ఉండేది. నా పేరు ట్రూడా. పరీక్ష గదిలో తీగను బిగించి తిప్పేదాన్ని నేను, లెక్క చూసేది ఆమె.

మా సైలీషియా ఊళ్లన్నీ బొగ్గు గనుల నెత్తిన కూర్చున్నవే. ఇంటి గోడ చీలితే కింద మనవాళ్లే తవ్వుతున్నారులే అనుకుని సున్నం రాసేస్తాం. మనుషుల్ని గనిలోకి దింపే బోను ఉక్కుతాడు మీద వేలాడుతుంది. ఆ తాళ్లు పేనేది మా ఫ్యాక్టరీ. ఎర్విన్ పొద్దున్నే రొట్టె మూట కట్టుకుని దిగే బోనుకు కూడా మా తాడే.

తాడంటే వందల తీగలు. ఒక్కో తీగ చుట్ట నుంచి ఐదు ముక్కలు కోసి, ఒక్కోదాన్ని రెండు చివరలా బిగించి, తెగేదాకా మెలిపెడతాం. మంచి తీగ ముప్పై మెలికల దాకా ఓర్చుకుంటుంది. ఎల్ఫ్రీడా రాకముందు ఐదు అంకెలూ కూడి ఐదుతో భాగించేవాళ్లు. బిగింపు జారి ఒక్క ముక్క పదికే తెగిందా, సగటు గోతిలో పడేది. వెంటనే గంట మోగేది, యంత్రాలు ఆగేవి, ఎక్కడా తప్పు దొరికేది కాదు. వారానికి నాలుగుసార్లు ఇదే తంతు. తీగ లాగేవాళ్లు మా గది కిటికీ కింద నిలబడి మా అమ్మల్నీ అమ్మమ్మల్నీ తలుచుకునేవాళ్లు. చివరికి గంట మోగినా ఎవరూ తల తిప్పడం మానేశారు, అదింకా ప్రమాదం.

ఎల్ఫ్రీడా పట్నంలో లెక్కల చదువు చదివి వచ్చింది. వచ్చిన ఏడాదే, రోజూ ఆ సగటుల్ని గీతగా గీసే పాత చార్టు చింపేసింది. ఐదు అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో నిలబెట్టి మూడోదాన్ని పట్టుకుంది. ఆ మూడోదానికి తక్కినవి ఎంతెంత దూరంలో ఉన్నాయో చూసి, ఆ దూరాల్లోనూ నడిమిదాన్నే పట్టుకుంది. ఒకటి కాదు, రెండు ముక్కలు పిచ్చెత్తి గెంతినా ఆమె గీత కదిలేది కాదు. నిజంగా యంత్రం చెడితేనే కదిలేది. ఉత్తుత్తి గంటలు ఆగిపోయాయి. గంట మోగితే జనం పరిగెత్తడం మళ్లీ మొదలుపెట్టారు. అలా రెండుసార్లు నిజమైన తప్పే పట్టింది. ఆ చార్టంటే ఆమెకు కడుపున పుట్టిన బిడ్డతో సమానం, అసలు బిడ్డలు లేరు కూడా.

దారి తప్పిన ముక్కకు ఆమె పెట్టిన పేరు అతిథి. మా వైపు క్రిస్మస్ ముందు సాయంత్రం బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెడతాం, ముక్కూ మొహం తెలియనివాడెవడైనా తలుపు తడితే ఉంటుందని. అతిథి వస్తే దేవుడొచ్చినట్టే అని మావాళ్లూ అంటారు.

"కంచం పెట్టాలి ట్రూడా. ఇంటి పెత్తనం మాత్రం ఇవ్వకూడదు" అనేది ఎల్ఫ్రీడా.

అందుకని కిటికీ గట్టు మీద ఒక తెల్ల పింగాణీ పూత కంచం పెట్టింది. తొందరగా తెగిన ముక్క అందులోకి వెళ్లేది. శనివారం నేను దాన్ని తుక్కుడబ్బాలో దులిపేదాన్ని. ఎన్నో ఏళ్లు అలాగే గడిచింది.

మాంసానికి రేషను చీటీలు ఇస్తున్న రోజుల్లో, ఒక శరదృతువున, ఏడో నంబరు తీగ యంత్రం దగ్గర టియోఫిల్ చచ్చిపోయాడు. గుండె ఆగింది. స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, తీగ ఇంకా సాగుతూనే ఉంది. టియోఫిల్ ఒకప్పుడు గనిలో పనిచేసినవాడు. మా గనుల్లో ఒక ముసలాయన తిరుగుతాడంటారు. చేతిలో దీపం, నెరిసిన గడ్డం. కప్పు కూలబోయే ముందు రాతిని మూడుసార్లు తడతాడు. ఆ చప్పుడు విని టియోఫిల్ ఒకసారి పైకొచ్చేశాడు. తక్కినవాళ్లు నవ్వి ఉండిపోయారు. వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ తరవాత అతను మళ్లీ దిగలేదు, మా దగ్గర చేరాడు. యంత్రం మొదలుపెట్టే ముందు పానాతో దాని పెట్టె మీద మూడుసార్లు కొట్టేవాడు. కుర్రకారు వెక్కిరిస్తే, "నాకు చెప్పినాయనకి నేను తిరిగి చెబుతున్నాన్రా" అనేవాడు.

అతన్ని పాతిపెట్టిన వారం నుంచి తెల్ల కంచం నిండడం మొదలైంది.

అతిథులంటే ఒక్కొక్కరు ఒక్కో తీరు. ఒక ముక్క బిగింపు దగ్గర తెగుతుంది, ఒకటి నడుమ చీలుతుంది, ఒకటి పదికి, ఒకటి ఇరవైకి. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అంటాం గాని, ఉలిపికట్టెలన్నీ కలిసి ఒకే దారి పట్టడం ఎవరైనా చూశారా? నేను చూశాను. అన్నీ పదిహేడు మెలికలకే. అన్నీ చివర నుంచి బెత్తెడు దూరంలోనే, అదే ఏటవాలుగా. అన్నీ ఏడో నంబరువే. ప్రతి ఐదింటిలో ఒక్కటి, తక్కిన నాలుగూ మేలిమి తీగలు.

ఇంకోటి చెబుతాను, నవ్వేవాళ్లు నవ్వండి. తెగబోయే ముందు ఆ తీగ టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు అనేది. తరవాత తెగేది. ఆ చప్పుడు మొదట విన్నరోజు నా చేతిలో పిడి చల్లగా అయిపోయింది. కంచంలో ఎలా పడితే అలా వేసిన ముక్కలు భోజనం చేసొచ్చేసరికి ఒకే వైపు తిరిగి ఉండేవి. కిటికీలోంచి, బోను తాడు వేలాడే గని గోపురం కనబడుతుంది. అన్ని మొనలూ దాని వైపే. వేలితో కలిపేశాను. టీ తాగొచ్చి చూస్తే మళ్లీ అటే.

"నడిమమ్మా, ఇలా రండి. ఇవెటు చూస్తున్నాయో చూడండి."

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. "ఉక్కు కదా, అయస్కాంతం పట్టి ఉంటుంది."

"మరి ఆ పదిహేడు?"

ఆమె చార్టు దగ్గరికి వెళ్లి నిలబడింది. చార్టు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టుంది. గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతోంది. ఏడో నంబరును విప్పించింది. తీగను సాగదీసే అచ్చు బాగుంది, నూనె బాగుంది, ఉక్కు బాగుంది. ఎక్కడా ఏమీ లేదు. విప్పినవాళ్లు చేతులు తుడుచుకుంటూ, "మీ చార్టే బాగుందంటోంది కదమ్మా, మమ్మల్నెందుకు చంపుతారు?" అని వెళ్లిపోయారు. మర్నాడు అదే పదిహేడు.

నవంబరు చివర్లో తాడు పేనడం అయిపోయింది. ఎర్విన్ దిగే గనికే ఆ తాడు. డిసెంబరు నాలుగు గని కార్మికుల్ని కాచే తల్లి బార్బరా పండుగ. ఆ రోజు ఎవరూ కిందికి దిగరు గనక పాత తాడు విప్పి కొత్తది ఎక్కించేద్దామని గనివాళ్లు కబురు పెట్టారు. ఏడో నంబరు తీగలు ఆ తాడు ప్రతి పురిలోనూ ఉన్నాయి.

ఆ ఆదివారం ఎల్ఫ్రీడా నన్ను భోజనానికి పిలిచింది. నాకు మొగుడు పోయి చాలా కాలమైంది, ఆదివారాలు వాళ్లింట్లోనే గడిచేవి. నడుమ వేలితో గుంట నొక్కిన బంగాళాదుంప ఉండలు, ఊదా క్యాబేజీ, చీటీల మీద దొరికిన కాస్త మాంసం పులుసు. ఎల్ఫ్రీడా ఫోర్కుతో ఉండల్ని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది.

"ఏంటే, వాటిలో నడిమిది దొరకట్లేదా? చెప్పు, నేను ఏరిపెడతా" అన్నాడు ఎర్విన్.

ఆమె నవ్వలేదు. "ఎర్విన్, ఆ ముసలాయన కింద ఎన్నిసార్లు తడితే మీరు పైకొస్తారు?"

"అదేం ప్రశ్న? ఒక్కసారి."

"తట్టకుండా గడిచిన రోజులు వేలు ఉంటాయి కదా. వాటిని లెక్కలోకి తీసుకోరా?"

ఎర్విన్ ఫోర్కు కింద పెట్టాడు. "ఆయన ఊరుకున్న రోజుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాళ్లెవరూ పైకి రాలేదే పిచ్చిదానా. పులుసు చల్లారిపోతోంది, తిను."

ఆమె తినలేదు. నన్ను వీధి మలుపు దాకా సాగనంపుతూ ఉన్నట్టుండి ఆగింది. "ట్రూడా, నా పద్ధతిలో ఇద్దరు అతిథుల దాకా ఫరవాలేదు. ఐదుగురిలో ఇద్దరు పరాయివాళ్లయినా నడిమి కుర్చీలో కూర్చునేది ఇంటివాడే. మూడోవాడు వచ్చాడనుకో, ఆ కుర్చీ వాళ్లదైపోతుంది. మెల్లగా కాదు, ఒక్క గంతులో. అప్పుడు నా చార్టు మంచి తీగల్ని అతిథులంటుంది."

"ఇప్పుడొకడే కదా వస్తున్నాడు?"

"ఒకడే" అంది. కానీ కళ్లు నా మీద లేవు, నా వెనక ఎవరో నిలబడినట్టు చూస్తోంది. నేను తిరిగి చూశాను. వీధి ఖాళీగా ఉంది. ఇంటికి ఎంత వడివడిగా నడిచానో నాకే తెలుసు.

సోమవారం తాడు చివర ముక్క కోసి, పురులు విప్పి, ఏడో నంబరు తీగల్ని వేరుచేసి పట్టుకొచ్చారు. తాడు బయటికి వెళ్లే ముందు చేసే ఆఖరి పరీక్ష. ఉత్పత్తి చూసే సెవెరిన్ కూడా వచ్చి నిలబడ్డాడు. మంచివాడే, కానీ పైవాళ్లకు మాటిచ్చేశాడు. మొదటి ముక్క ముప్పై. రెండోది ఇరవై తొమ్మిది. మూడోది టిక్, టిక్, టిక్. పదిహేడు. నాలుగోది ముప్పై ఒకటి. ఐదోది బిగించి పిడి తిప్పాను. అది కూడా మూడుసార్లు అంది.

ఇద్దరు వచ్చారు.

సెవెరిన్ కాగితం మీద వరస పెట్టాడు. "మూడోది ఇరవై తొమ్మిది. మీ గీత మీదే ఉంది. సంతకం పెట్టండి ఎల్ఫ్రీడా గారూ, లారీ రేపొస్తుంది."

ఎల్ఫ్రీడా పెన్సిలు తీసుకుని చార్టు దగ్గరికి వెళ్లింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. చుక్కను ఇరవై తొమ్మిది దగ్గర కాదు, కింద పదిహేడు దగ్గర పెట్టింది. తిన్నటి గీత ఒక్కసారిగా కిందికి విరిగింది.

"ఇదేం పనండీ! మధ్యదే పెట్టాలని రూలు రాసింది మీరు. రాయడమే కాదు, నాతో ఒప్పించడానికి ఏడాది నా ప్రాణం తోడేశారు."

"రాశాను. యంత్రం ఎలా నడుస్తోందో మధ్యది చెబుతుంది సెవెరిన్ గారూ. అది ఇప్పటికీ నిజమే. తాడు ఎక్కడ తెగుతుందో మాత్రం మధ్యది చెప్పదు, అన్నిటికన్నా ముందు తెగేది చెబుతుంది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివాను ఇన్నాళ్లూ."

"ఆ బోనులో మీ ఆయన దిగుతాడని భయపడుతున్నారు, అంతే."

"భయపడుతున్నాను" అంది ఎల్ఫ్రీడా. "మా ఆయన దిగకపోయినా భయపడేదాన్నని చెప్పుకోవాలనుంది. చెప్పలేను, నాకు తెలీదు. సంతకం మాత్రం పెట్టను."

సెవెరిన్ అరవలేదు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. సంతకం లేకుండా తాడు గేటు దాటదు. తాడు చుట్టిన చెక్క డ్రమ్మును పెరట్లో వెనక గోడ పక్కకు దొర్లించారు. గనివాళ్లకు పండుగ రోజు పని తప్పింది, ఫ్యాక్టరీకి పరువు పోయింది. కొత్త సంవత్సరం నుంచి ఎల్ఫ్రీడాను సామాన్ల గదికి మారుస్తారని సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది.

బార్బరా పండుగనాడు పొద్దున్నే గని బ్యాండు వీధులన్నీ తిరిగింది. నల్ల కోట్లు, ఈకల టోపీలతో ఎర్విన్ వాళ్లంతా చర్చికి నడిచారు. మా ఫ్యాక్టరీవాళ్లు దారి పక్క నిలబడి ఎల్ఫ్రీడాను చూసి, "అతిథిగారు కులాసానా నడిమమ్మా?" అని ముఖం మీదే అడిగారు. ఆమె తల దించుకుని నడిచింది. పూజ అయ్యాక, "తెల్ల కంచం తెచ్చుకుంటాను, సామాన్ల గదిలో దానితో పనేముంది, ఇంటికి పట్టుకుపోతా" అని నన్ను ఫ్యాక్టరీకి లాక్కెళ్లింది.

మిట్టమధ్యాహ్నం. పెరట్లో మంచు తెల్లగా, ఎవరూ తొక్కకుండా ఉంది. పండుగ గనక యంత్రాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీ అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ ఎరగను. మేం గోడ పక్కకు వచ్చేసరికి టిక్ అంది.

ఇద్దరం ఆగిపోయాం.

టిక్. టిక్.

డ్రమ్ము మీద చుట్టి ఉన్న తాడు పురి ఒకటి మా కళ్లముందే విచ్చుకుంది. తెగిన తీగ కొన ఒకటి లేచి గాలిలో ఊగింది. తరవాత ఇంకోటి. ఆ తరవాత లెక్క లేదు, పొయ్యిలో ఉప్పురాళ్లు వేసినట్టు చిటపటమని తెగుతూనే ఉన్నాయి. ఆ తాడును ఎవరూ లాగలేదు. దాని మీద పిట్టంత బరువు లేదు. డ్రమ్ము చుట్టూ మంచు మీద మా అడుగులు తప్ప ఇంకెవరి అడుగులూ లేవు. తెగిన కొనలన్నీ మెల్లగా వంగి గని గోపురం వైపు తిరిగాయి.

ఎల్ఫ్రీడా మంచులో కూలబడింది. "ఇవాళ్టికి అది గోపురం మీద ఉండాల్సింది ట్రూడా. రేపు పొద్దున్న ఎర్విన్..." అని మాట పూర్తి చెయ్యలేక నా కోటు అంచు పట్టుకుని పెద్దగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. భయం వేసిందా, సంతోషం వేసిందా అంటే రెండూ ఒకటే అయిపోయాయి.

తరవాత పెద్ద పెద్ద ఇంజనీర్లు వచ్చి ఆ తీగల్ని అద్దాల కింద పెట్టి చూశారు. తెగినవన్నీ ఏడో నంబరువే. ఎందుకు తెగాయో తలా ఒక మాట చెప్పారు. ఏడో నంబరును ముక్కలుగా విప్పితే మళ్లీ ఏమీ దొరకలేదు. సెవెరిన్ స్వయంగా వచ్చి, సామాన్ల గది మాట మరిచిపొమ్మన్నాడు. ఎల్ఫ్రీడా తన చార్టు తీసేయలేదు. దాని పక్కనే రెండోది వేలాడదీసింది, అది అతిథులది. పింఛను తీసుకునేదాకా ఆ రెంటినీ పక్కపక్కనే గీసింది. బజారులో క్యాబేజీ మాత్రం ఎప్పటిలాగే మధ్యలోంచే లాగేది, పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది?

ఆ ఏడాది క్రిస్మస్ ముందు సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మొదటి చుక్క పొడిచింది. ఎల్ఫ్రీడా బీట్‌రూట్ చారు తెచ్చింది, చేప తెచ్చింది. చివరగా ఎక్కువ కంచం తెచ్చింది. చూస్తే అది ఫ్యాక్టరీ కిటికీ మీది తెల్ల కంచం. శుభ్రంగా తోమి ఉంది. ఎప్పుడూ ఎక్కువ కంచం బల్ల చివర, తలుపు దగ్గర ఉండేది. ఈసారి ఇంకో కుర్చీ లాక్కొచ్చి తనకూ ఎర్విన్‌కూ నడుమ ఇరికించి, దాని ముందు పెట్టింది.

"అక్కడెవరు కూర్చుంటారే, ఊరూ పేరూ లేనివాడా?" అన్నాడు ఎర్విన్.

"ఊరూ పేరూ ఉన్నవాడే. టియోఫిల్."

అందరం పంచుకునే పల్చటి దీవెన అప్పాన్ని విరిచి నాకొక తునక, మొగుడికొక తునక ఇచ్చింది. మిగిలినదాన్ని విరవకుండా ఆ కంచంలో పెట్టింది. చారు ఆవిరి పైకి లేస్తోంది.

కంచంలో అప్పం దానంతటదే టిక్కున విరిగింది.

మూడుసార్లు కాదు, ఒక్కసారే. ఎర్విన్ దాని వైపు చూశాడు. నవ్వలేదు, శిలువ గుర్తూ వేసుకోలేదు. లేచి, తన కుర్చీ పక్కకు జరిపి, ఆ కుర్చీకి ఇంకాస్త చోటిచ్చి కూర్చున్నాడు.